గోరీల మీది తుంగ

మెత్తని నేలకు వరిని, నల్లరేగడికి జొన్నను ఇచ్చి, ఏమీ పండని చౌడుకు కూడా ఒక మొక్కను రాసిపెట్టిన అల్లాహ్‌కే నా స్తుతి అంతా. ఆయన ఏ నేలనూ బోడిగా వదలలేదు. ఉప్పు పైకి తేలిన చోట, నీళ్లు నిలిచి మురిగిన చోట, కంపెనీల మురుగు వాగు పారి మన్ను రంగు మారిన చోట కూడా పచ్చదనం మొలిపించాడు. దాన్ని పీకే చేతుల్ని కూడా ఆయనే ఇచ్చాడు. ఎందుకో ఆయనకే తెలుసు. ఆయన జ్ఞానం ముందు నా కోపం ఎంత? అయినా ఆ కోపాన్ని దాచకుండా రాసే ధైర్యాన్నీ, అబద్ధం రాయకుండా ఆపే భయాన్నీ ఆయన్నే అడిగి మొదలుపెడుతున్నాను. ఆయన చివరి ప్రవక్తపై శాంతి కలగాలి.

ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఎదుట లేని మనిషి గురించి, వింటే అతను నొచ్చుకునే మాట చెప్పడం పెద్ద పాపమని నా దగ్గర ఖురాన్ చదువుకునే ఆడపిల్లలకు నేనే చెబుతాను. పేరు రాయకపోతే ఆ పాపం తగ్గుతుందేమో నాకు తెలియదు. తగ్గుతుందని ఆశ. అందుకే ఊరి పేరు కూడా రాయడం లేదు. పటాన్‌చెరులో పెద్ద రోడ్డు దిగి లోపలికి వెళ్తే, ఇంద్రేశం దారిలోనూ దాని చుట్టుపక్కలా ఊళ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి అనుకోండి.

మా ఊరి ఖబరస్తాన్ చెరువు వెనక ఉంటుంది. పంట పండే భూమిని ఎవరూ గోరీలకు ఇవ్వరు. పూర్వం ఎవరో దొర చౌడు ముక్కను చూపించి, ఇది మీది అన్నాడట. ఎండాకాలంలో ఆ నేల మీద తెల్లటి పొర లేస్తుంది, ముగ్గు చల్లినట్టు. వానాకాలంలో చెరువు నిండితే కింది మూల అంతా చెమ్మెక్కుతుంది. వేప నాటితే బతకలేదు. ఒక్క నల్లతుమ్మ బతికింది, అదీ గిడసబారి.

అక్కడ బాగా బతికింది తుంగ ఒక్కటే. దాన్ని గడ్డి అంటారు కానీ గడ్డి కాదు. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, మధ్యలో కణుపులుంటాయి. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. కణుపు ఉండదు. కింది నుంచి పైదాకా ఒకటే కాడ, ఆ కొసన గొడుగు పుల్లల్లా విచ్చుకున్న గోధుమరంగు కుచ్చు. అదే దాని పువ్వు. దాన్ని పువ్వని ఎవరూ అనరు, ఎవరూ తలలో పెట్టుకోరు. ఆ కుటుంబంలో చాలా రకాలున్నాయి. జానెడు ఎత్తు కూడా లేవని పొట్టి తుంగ ఉంది. దాని గడ్డలు మట్టిలో గొలుసులా పాకుతాయి, రైతులు తిట్టుకుంటూ పీకేది దాన్నే. చెరువు అంచున మనిషి నడుము దాటి పెరిగే పొడుగు తుంగ ఉంది. దానితో చాపలు అల్లుతారు. మా అమ్మ పెళ్లికి ముందు ఆ తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లింది. ఆమె అరచేతుల్లో దాని కోతలు సన్నని తెల్ల గీతల్లా చివరిదాకా ఉన్నాయి.

మిగతా ఊళ్లలో గోరి తలవైపు సబ్జా నాటుతారు. పచ్చని మొక్క ఉన్నన్నాళ్లూ అది అల్లాహ్‌ను స్మరిస్తుందని, కింద పడుకున్నవారికి కొంత ఊరట అని మా పెద్దల నమ్మకం. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం రెండు గోరీల మీద పచ్చి ఖర్జూరపు ఈనెను చీల్చి నాటిన సంగతి అందరికీ తెలిసిందే. అది ఆయనకే ప్రత్యేకమని కొందరు పండితులు అంటారు, మనమూ చేయవచ్చని కొందరు. ఆ వాదన రెండు వైపులా నేను చదివాను. మా ఊళ్లో ఆ వాదన దాకా పోలేదు, ఎందుకంటే ఆ చౌడులో సబ్జా నాలుగు రోజులు కూడా నిలవలేదు. అందుకని మావాళ్లు తుంగ దుబ్బు ఒకటి మట్టితో సహా పెళ్లగించి తలవైపు నొక్కేవారు. ఎవరూ నీళ్లు పోయకపోయినా అది అంటుకునేది. ఎండకు మాడి, మళ్లీ వానకు లేచేది.

మా ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి పోరు. ఇక్కడి ఆచారం అది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు, ఎప్పుడూ పట్టలేదు. వెనక పక్క మట్టిగోడ ఒకచోట కూలి, మనిషి ఛాతీ ఎత్తున గండి ఉండేది. గురువారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఊరి ఆడవాళ్లు ఆ గండి దగ్గర నిలబడి పోయినవాళ్ల కోసం ఫాతెహా చదివేవారు. చదవడం అయ్యాక కాసేపు అక్కడే మాటలు. నా చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని.

"మీ మామ గోరి మీద మేకలు తిరుగుతున్నయ్ సూడే," అనేది ఒకామె.

"తిరగనీ. బతికున్నప్పుడు ఒక్కళ్లకు పూట తిండి పెట్టలే. ఇప్పుడన్న మేకలకు పెడ్తుండు," అనేది ఆ కోడలు.

అందరూ నవ్వి, వెంటనే చెంపలు వేసుకుని తౌబా చెప్పుకునేవారు.

గోరీలన్నీ పచ్చి మట్టి దిబ్బలే. రాళ్లు లేవు, పేర్లు లేవు. అయినా ఆ గండిలో నిలబడిన ఏ ఆడమనిషి అయినా వేలు చూపించి చెప్పేది: ఆ గుబురుగా ఉన్నది మా అత్తది, పక్కన సగం ఎండింది మా పెద్దోడిది, ఆ రెండూ కలిసిపోయినవి అక్కాచెల్లెళ్లవి. మగవాళ్లు ఈద్ నమాజు తర్వాత గుంపుగా వచ్చి, గేటు దగ్గర నిలబడి అందరికీ కలిపి ఒకేసారి చేతులెత్తి వెళ్లిపోయేవారు. లోపలికి పోగలిగినవాళ్లకు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

మా అబ్బా రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీల దగ్గర నిలబడీ నిలబడీ ముఖం ఒక పక్క నల్లబడిపోయింది. రాత్రి షిఫ్టు, పగటి షిఫ్టు, ఎప్పుడు చూసినా టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తూ కనిపించేవాడు. ఆయన పోయిన రోజు మా అన్న గోరీలోకి దిగి అబ్బాను తన చేతులతో దించాడు. ఇంటికి వచ్చాక అమ్మ అతన్ని అడిగిన మొదటి మాట తుంగ గురించే.

"తలకాడ ఏం పెట్టిండ్రు?"

"తుంగనే అమ్మా. అందరికి పెట్టేదే."

"అది తీసేసి చెరువు దిక్కు పొడుగు తుంగ పెట్టు."

"అది అడవి లెక్క లేస్తదమ్మా. గోరి కనవడకుంట అయితది."

"లేవాల్ననే చెప్తున్న. పొట్టిదైతే ముంగట ఉన్న గోరీల ఎనుక దాగుతది. నాకు గండి కాడికెళ్లి కనవడాలె."

అన్న పెట్టాడు. అబ్బా గోరి చెరువు వైపు కింది మూలలో ఉంది, చెమ్మ ఉన్న చోటు. పొడుగు తుంగకు కాళ్లు తడిగా ఉంటే చాలు. రెండు వానలకు అది గుబురై నడుమెత్తు లేచింది. ఖబరస్తాన్ మొత్తంలో అంత ఎత్తున ఊగేది అదొక్కటే. అమ్మ ఫాతెహా చదువుతున్నంతసేపూ దాన్నే చూసేది.

అప్పటి నుంచి ఆమెకు ఒకే కోరిక. హజ్ కూడా అడగలేదు. అబ్బా పక్కన, తూర్పు వైపు, తనకు జాగా ఉండాలి. మా వాళ్లను తల ఉత్తరం వైపు పెట్టి, పడమటికి, కాబా దిక్కుకు ముఖం తిప్పి పడుకోబెడతారు. తూర్పున పెడితే ఆమె ముఖం ఆయన వీపు వైపు ఉంటుంది. నేను ఆ మాటే అన్నాను ఒకసారి.

"ఉండనీ," అంది అమ్మ. "బతికినన్ని దినాలు డూటీకి పోతుంటె ఆయన వీపే సూసిన. ఆడ గూడ గదే. అలవాటైన పానం."

ఆ జాగా మసీదు కమిటీవాళ్లు ఎవరికీ ఇవ్వకుండా చూస్తానని అన్న మాట ఇచ్చాడు. ఇచ్చి నిలబెట్టుకున్నాడు కూడా. చాలా ఏళ్లు అక్కడ ఎవరినీ పెట్టలేదు.

తర్వాత మా ఊరికి లేఅవుట్లు వచ్చాయి. చెరువుకు ఇటు పక్క పెద్ద అపార్ట్‌మెంటు కడుతూ సెల్లార్ తవ్వారు. తవ్విన ఎర్ర మొరం ఎక్కడ పోయాలో కట్టేవాళ్లకు తెలియలేదు. దూరం తోలితే ఖర్చు. మా మసీదు కమిటీ దగ్గరికి వచ్చి, మీ ఖబరస్తాన్ పల్లంగా ఉంది, నీళ్లు నిలుస్తున్నాయి, మేమే మొరం పోసి, జేసీబీ పెట్టి చదును చేసి, చుట్టూ సిమెంటు గోడ కట్టిస్తామన్నారు. పుణ్యానికి అన్నారు. మావాళ్లు ఎంత సంతోషించారంటే, శుక్రవారం నమాజులో వాళ్ల కోసం దువా చేశారు. ఒకరి చెత్త ఎత్తిపోయడానికి మన చనిపోయినవాళ్ల మీద చోటిచ్చి, దానికి మనమే దువా చేశాం. 

నేను కొల్లూరు దగ్గర సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లలో ఉంటాను. సంగతి నాకు అన్న ఫోన్లో చెప్పాడు, అదీ గడ్డి తీసి శుభ్రం చేస్తున్నారని మాత్రమే. మొరం మాట చెప్పలేదు. గడ్డి తీయడం అన్నది చాలు నాకు. ఆటో పట్టుకుని కమిటీ పెద్ద ఇంటికి పోయాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా, మర్యాదగా మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఐదు పూటలా మొదటి వరుసలో నిలబడే మనిషి.

"ఆపా, మీరు చదువుకున్నోళ్లు. గోరి మీద గడ్డి పెట్టుడు ఏ కితాబుల ఉన్నది?"

"గడ్డి సంగతి ఇడిసిపెట్టుండ్రి సాబ్. గుర్తు సంగతి అడుగుతున్న. ప్రవక్త తన దోస్తు గోరి తలకాడ రాయి పెట్టి, గుర్తుంటదన్నరు. ఆ సంగతి ఉన్నది కద?"

"ఉన్నది. రాళ్లు పెడ్తం తర్వాత. ముందు సాఫ్ కానియ్యుండ్రి. పాములున్నయ్ ఆపా ఆ తుంగల. మొన్న మయ్యత్ పట్టుకపోతుంటె ఒకటి అడ్డం వచ్చింది. జనం శవాన్ని ఆడనే దించి ఉరుకుతరా అని భయమైంది నాకు."

"సాఫ్ చేసినంక రాయి ఎవరిది యాడ పెడ్తరు? దేన్ని చూసి పెడ్తరు?"

 ఆయన మెల్లగా అన్నాడు: "పోయినోళ్లు యాడున్నరో అల్లాహ్‌కు ఎరికే ఆపా."

"అల్లాహ్‌కు ఎరికే. మాకు ఎరికుండొద్దా?"

"ఆడోళ్లు లోపటికే రారు కద."

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. లోపలికి రానివాళ్లకు లోపల ఏం పని అని ఆయన సందేహం. తెర వెనక నుంచి ఆయన భార్య నాకు చాయ్ ఇచ్చి, చెవి దగ్గర అంది: "మా అత్తమ్మది గూడ ఆడనే ఉన్నది ఆపా. గండి కాడ నేను రోజు సూసేదాన్ని. గీయనకు నేనేం జెప్త?" చెప్పవచ్చు కదా అని నేను అనలేదు. నేను చెప్పి ఏం సాధించాను గనక.

అప్పుడు అమ్మ నా దగ్గర ఉంది. కంటి ఆపరేషన్ కోసం సంగారెడ్డి ఆస్పత్రికి తిప్పుతున్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, డాక్టరు వంగొద్దన్నాడని నమాజులో సజ్దా కూడా కుర్చీలోనే చేస్తూ, ఊరికి ఎప్పుడు పోదామని సతాయించేది. మేం తిరిగి వెళ్లేసరికి పని మొత్తం అయిపోయింది. ఆ పని ఎలా జరిగిందో ఊళ్లో మా పక్కింటామె తర్వాత చెప్పింది. జేసీబీ నడిపేది బిహార్ నుంచి వచ్చిన మనిషట. దిగి అటూ ఇటూ చూసి, గోరీలు ఎక్కడున్నాయో నాకేం కనిపించడం లేదు, ఎటు నుంచి పోను అని హిందీలో అడిగాడట. కమిటీవాళ్లు, ఏం కాదు, సీదా పో అన్నారట. అతను బండి ఎక్కే ముందు చెప్పులు విడిచాడట. అంతమందిలో అతనికే ఆ ఆలోచన వచ్చింది. అల్లాహ్ అతనికి మేలు చేయాలి.

గురువారం అసర్ అయ్యాక అమ్మను తీసుకుని వెనక పక్కకు పోయాను. గండి లేదు. మనిషి ఎత్తు దాటిన సిమెంటు గోడ. పక్కన మోరీ కోసం తెచ్చి వదిలేసిన సిమెంటు పైపు పడి ఉంటే, అమ్మ దాని మీదికి ఎక్కుతానంది. నా భుజం పట్టుకుని ఎక్కి, నల్లద్దాలు తీసి చూసింది. నేనూ పక్కన ఎక్కాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రటి నేల, రోలర్ తోలినట్టు చదునుగా. ఒక దిబ్బ లేదు. ఒక కాడ లేదు. తుమ్మచెట్టు మొదలు మొరంలో మోకాలి దాకా కూరుకుపోయి ఉంది.

అమ్మ చాలాసేపు చూసింది. చేతులెత్తలేదు.

"గిదేందే, కిర్కెట్ ఆడనీకె చేసిండ్రా?" అంది.

ఆమె తూలకుండా నేను నడుము పట్టుకున్నాను.

"మీ అబ్బా ఏడి?"

నేను వేలు చూపించాను, చెరువు మూల వైపు. గోడ వంపు నుంచి అంచనా కట్టి చూపించాను. ఆమె నా వేలును చూసింది, అది చూపించిన చోటును చూడలేదు. "దిగుత, పట్టు," అంది.

వానలు పడ్డాక తుంగ మళ్లీ వచ్చింది. దాని సంగతి తెలిసినవాళ్లెవరికీ ఆశ్చర్యం కలగదు. పొట్టి తుంగ గడ్డను ఎంత ముక్కలు చేస్తే అన్ని మొక్కలు. జేసీబీ పళ్లు ఆ గడ్డల్ని తెంపి, ఖబరస్తాన్ అంతా సమానంగా చల్లి, పైన మొరం కప్పాయి. రైతు విత్తనం చల్లినా అంత ఒబ్బిడిగా చల్లడు. ఎర్ర నేల చీల్చుకుని ఆ మూల నుంచి ఈ మూలకు ఒకే ఎత్తున పచ్చగా లేచింది. ఒకప్పుడు దిబ్బలున్న చోటా లేచింది, వాటి మధ్య దారులున్న చోటా లేచింది. పొడుగు తుంగ మాత్రం ఒక్క కాడ కూడా రాలేదు. అది మొరంలో బతకదు. దానికి తడి కావాలి, మొరంలో నీళ్లు నిలవవు.

ఆ నెలల్లోనే అమ్మకు ఆయాసం ఎక్కువైంది. అన్నను పిలిచి అడిగింది, "నీకు జాగ ఎరికేనా?"

"ఎరికే అమ్మా. పరేషాన్ కాకు."

వాకిట్లోకి వచ్చాక నేను అతన్ని నిలదీశాను.

"యాడ?"

"తుమ్మచెట్టుకు ఈ పక్కన."

"తుమ్మచెట్టు కాడ ఉన్నది మన చాచా గోరి. అబ్బాది కిందికి, చెరువు మూలకు. గోడ వంపు తిరిగిన కాడికెళ్లి సక్కగ చూస్తే వస్తది."

"గోడ కాడికెళ్లి చూస్తే గట్లనే అనిపిస్తది నీకు. నువ్వు ఎన్నడన్న లోపట కాలు పెట్టినవా? అబ్బాను దించింది నేను. గీ చేతులతోని దించిన."

నిజమే. అతను దించాడు. ఆ రోజు అతని కళ్ల నిండా నీళ్లు, చుట్టూ జనం, ఎండ. అతను అబ్బా ముఖం చూశాడు కానీ చెట్టు ఎంత దూరంలో ఉందో చూడలేదు. పొడుగు తుంగ నాటిందీ అతనే, నాటి వచ్చాక మళ్లీ ఎప్పుడూ దాని దగ్గరికి పోలేదు. మందుల కంపెనీలో షిఫ్టుల పని, వారానికి ఒక సెలవు. ఈద్ రోజు గేటు దగ్గర దువా. నేను ఇరవై ఏళ్ల పైమాట ఆ గండిలో నిలబడి చూశాను. కానీ నేను చూసింది బయటి నుంచి. 

అమ్మ చలికాలం మొదట్లో, తెల్లవారే వేళ ఫజర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి వుజూ చేసుకుని కూర్చుని, అలాగే పోయింది. మంచి చావు. అల్హందులిల్లాహ్.

ఆమెకు స్నానం నేనే చేయించాను. ఊళ్లో ఆడవాళ్ల శవాలకు స్నానం చేయించే పనికి ఇప్పటికీ ఎక్కువగా నన్నే పిలుస్తారు. రేగాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్లు, చివరి చెంబులో కర్పూరం. అరచేతుల్లో ఆ తెల్ల గీతల మీద నీళ్లు పోస్తుండగా మా మేనత్త వచ్చి నా చెవిలో చెప్పింది, తుమ్మచెట్టు దగ్గర తవ్వుతున్నారని. మిగిలిన స్నానం పూర్తి చేశాను. కఫన్ గుడ్డ చుట్టాను. మెడ కింద ముడి వేసి, మేనత్తను అక్కడ కూర్చోబెట్టి, బురఖా వేసుకుని ఖబరస్తాన్‌కు నడిచాను. గేటు దాటలేదు. గేటులో నిలబడ్డాను.

గోరి తవ్వే ముసలాయన నడుము దాకా గుంతలో ఉన్నాడు. అన్న, కమిటీ పెద్ద, ఇంకో ఇద్దరు ముగ్గురు గట్టున ఉన్నారు.

"ఆడ కాదు," అన్నాను. "కింద మూలకు."

అందరూ తిరిగి చూశారు. అన్న ముఖం ఎర్రబడింది. కమిటీ పెద్ద నేల చూస్తూ అన్నాడు: "ఆపా, మయ్యత్‌ను ఇంట్ల పెట్టి మీరు ఈడికి వచ్చుడేంది? జొహర్ వేళ అయితుంది. ఇంటికి పోండ్రి."

"మా అమ్మ ఒక్కటే అడిగింది సాబ్. ఇంకేం అడగలే."

"ఖాళీ జాగనే ఎల్లింది చూడు," అన్నాడు అన్న. "మొరం కింద నల్లమన్ను, అంతే. అబ్బా పక్కన ఖాళీనే ఉండాలె కద? గా జాగ ఇదే."

"ఖాళీ జాగ శానా కాడ ఉంటది భయ్యా."

గోరి తవ్వే ఆయన గడ్డపార ఆనించి, తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నా వైపు సూటిగా చూసి మాట్లాడింది ఆయన ఒక్కడే.

"నువ్వు చెప్పిన కాడ తవ్వుత బిడ్డా. నాకేం, యాడైనా మన్నే. గని ఒక్కటి చెప్పు. ఆ మూల గోరీలు వరుసగ ఉండె. ఇప్పుడు ఏది యాడుందో నాకే ఎర్క లేదు, తవ్విన నాకే. మీ అబ్బా పక్కన అనుకొని గడ్డపార ఏస్తె, అది మీ అబ్బా మీదనే పడ్డదనుకో. లేకుంటె ఇంకెవరి తల్లి మీదనో. నువ్వే చదువు చెప్తవ్ కద పోరగాళ్లకు. ఎయ్యుమంటె ఏస్త."

చనిపోయినవారి ఎముక విరవడం, బతికున్నవారి ఎముక విరవడంతో సమానం. ప్రవక్త చెప్పిన ఈ హదీసును నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల చేత నేను వల్లె వేయించాను. అది వాళ్లకు త్వరగా వస్తుంది, చిన్న వాక్యం. ఆయన అది చదువుకున్నవాడు కాదు, చదువుకున్నదాన్ని నేనే. అన్న నన్ను చూస్తున్నాడు. నేను ఊఁ అంటే తవ్వుతారేమో. గుర్తులు చెరిపినవాళ్లు గట్టున నిలబడి ఉన్నారు. తవ్వమనో వద్దనో చెప్పే భారం మాత్రం నా నోటి మీద పడింది. ప్రవక్త మాటను పక్కన పెట్టి మా అమ్మ మాట నిలబెట్టే దారి నాకు కనిపించలేదు.

"వద్దు చాచా," అన్నాను.

ఆయన మళ్లీ గడ్డపార ఎత్తాడు. నేను ఇంటికి వచ్చి అమ్మ తలవైపు కూర్చున్నాను. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత ఆమెను తీసుకుపోయారు.

సాయంత్రం అన్న వచ్చి, పలకరింపులు అయ్యేదాకా ఉండి, అందరూ లేచాక నా దగ్గర కూర్చున్నాడు. చేతులకు ఇంకా ఎర్ర మన్ను ఉంది.

"అబ్బా పక్కన్నే అయి ఉంటది," అన్నాడు. పొద్దున 'గా జాగ ఇదే' అన్నవాడు ఇప్పుడు 'అయి ఉంటది' అన్నాడు. నేను విన్నానని అతనికి తెలిసింది.

"పొడుగు తుంగ తెస్త రేపు," అన్నాడు మళ్లీ. "తలకాడ పెడ్త."

"అది మొరంల బతకదు."

"నీళ్లు పోస్త. రోజు పోస్త."

"పోసి? గా గోడ మీదికెళ్లి ఎవరు చూడనీకె?"

అతను లేచి వెళ్లిపోయాడు. అంత కటువుగా అనవలసింది కాదని ఇప్పుడూ అనుకోలేకపోతున్నాను.

ఈమధ్య ఖబరస్తాన్ చూసినవాళ్లు కమిటీని మెచ్చుకుంటున్నారు. కొత్త మొరంలో సబ్జా బాగా అంటుకుంది. వరుసలు గీసి కొత్త గోరీలకు నంబరు రాళ్లు పెడుతున్నారు. పాత గోరీలకు పెడతామన్న రాళ్లు పెట్టలేదు, ఎక్కడ పెట్టాలో తెలియక. కూలీలను పెట్టి నెలకోసారి తుంగ పీకిస్తున్నారు. అది మళ్లీ వస్తోంది. వస్తే ఏం, రాకపోతే ఏం. అందరి మీదా ఒకేలా మొలిచేది ఎవరి గుర్తూ కాదు. గురువారం అసర్ వేళ ఆ వెనక పక్కకు ఇప్పుడు ఏ ఆడమనిషీ పోదు. ఆ పైపును కూడా ఎవరో ఎత్తుకుపోయారు.

ఇక్కడి దాకా చదివినవాళ్లు, మీరు ఏ దిక్కుకు తిరిగి మొక్కేవాళ్లైనా సరే, నాతో కాసేపు చేతులెత్తండి. ప్రభూ, ఆ ఎర్ర మన్ను కింద ఎవరు ఎక్కడున్నారో నీకు తెలుసు. మా అమ్మకూ అబ్బాకూ మధ్య ఎంత దూరం పడిందో నీకు తెలుసు. ఆ దూరాన్ని నీ దగ్గర లేకుండా చెయ్యి. పేరు లేని ప్రతి గోరీనీ విశాలం చెయ్యి. చెప్పులు విడిచిన ఆ పరాయి మనిషిని చల్లగా చూడు. మా అన్న మనసుకు నెమ్మది ఇవ్వు. ఇంతవరకు నేను అనగలను. దీని తర్వాత ఒక మాట ఉంది, ఆ కమిటీవాళ్లను క్షమించమని. క్షమించనివాళ్లకు క్షమ దొరకదని చదివినదాన్నే, ప్రతి నమాజు తర్వాతా ఆ మాట దాకా వచ్చి ఆగిపోతున్నాను. నాలుక కదలదు. దయచేసి ఆ ఒక్క మాట నా బదులు మీరు అనండి. ఆమీన్ నేనంటాను.